గుండెకు ఆముదం

మొన్న ముసురు పట్టిన రోజున మా మనుమడు డ్యూటీ దిగి వచ్చి, నానిపోయిన తోలు బూట్లను గ్యాసు పొయ్యి పక్కన బోర్లించి పోయి పడుకున్నాడు. వాడు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. బూట్లు కంపెనీ వాళ్లు ఇచ్చినవే అయినా మంచి తోలువి, జాగ్రత్తగా వాడుకుంటే ఏళ్ల తరబడి వచ్చేవి. నేను మంచం దిగి వంటింట్లోకి వెళ్లేసరికి పొయ్యి సెగకు తోలు ముడుచుకుని, తడి ఆవిరై, ఒక వాసన ఇల్లంతా పట్టుకుంది. తడిసిన తోలును సెగకు పెడితే చెక్కలా బిగుసుకుపోతుందని, ఆ తర్వాత దాన్ని దారికి తేవడం ఎవరి తరమూ కాదని ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. వాటిని తీసి నీడలో గాలికి పెట్టి, ఆముదం ఉందా అని కోడలిని అడిగాను. కడుపులో బాగా లేదా అత్తమ్మా అని అడిగింది. ఆముదమంటే ఇప్పుడు అంతే, మందుల దుకాణంలో అమ్మే బొటనవేలంత సీసా.

నేను పుట్టింది ఆ వాసనలోనే. శంషాబాదు నుంచి మామిడిపల్లికి పోయే బండ్ల బాట పక్కన, ఊరికి ఎడంగా, గాలి ఊరి మీదికి తిరగని దిక్కున మా వాడ ఉండేది. ఎందుకంత ఎడంగా ఉన్నామని చిన్నప్పుడు నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మావాళ్లది తోలు పని. ఇళ్ల వెనక లందలు ఉండేవి, అంటే తోళ్లు నానబెట్టే గుంతలు. ఒకదాంట్లో సున్నపు నీళ్లు, ఇంకొకదాంట్లో తంగేడు చెక్క నానిన ఎర్రటి నీళ్లు. సున్నంలో నానిన తోలును తీసి వెంట్రుకలు గీకి, కడిగి, తంగేడు నీళ్లలో వేసి, అది రంగు తాగినాక నీడన ఆరబెట్టి, ఆముదం పట్టించి, ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టి గుంజి, కింద పరచి కాళ్లతో తొక్కేవాళ్లు. ఆ పనిలో దేనికీ తొందర పనికిరాదు. వానాకాలంలో లందల వాసన, వాడ చివర తంగేడు పూల వాసన, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేవి. మాకు అది వాసనగా తెలిసేది కాదు, ఇల్లు అని తెలిసేది.

పెద్ద యుద్ధం జరుగుతున్న కాలం అది. యుద్ధం ఏ దిక్కున ఉందో మాకు తెలియదు. కంట్రోలు బట్ట కోసం పెద్దవాళ్లు పొద్దంతా వరుసలో నిలబడి రావడం, కిరసనాయిలు దొరక్క పొద్దు గూకక ముందే తిని గిన్నెలు కడుక్కోవడం మాత్రం తెలుసు. ఒకటే లంగా, ఒకటే రైక. ఉతికి ఆరేదాకా అమ్మ పాత చీర ముక్క చుట్టుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు బీరువా తెరిచి వేసుకోవడానికి ఏమీ లేదంటారు.

వాడలో ఎక్కువ ఇళ్లు ప్రభువును నమ్ముకున్నవే. మట్టి గోడల ప్రార్థన ఇల్లు ఒకటి ఉండేది, పైన తాటికమ్మల కప్పు. అయ్యగారు, అంటే మా పాదిరి, శంషాబాదులో ఉండి మా దగ్గరికి నడిచి వచ్చేవారు. ఆయన కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు. ఆయన భార్య రెండు వానాకాలాలు మాకు ఇసుకలో అక్షరాలు దిద్దించింది. నా చదువు అంతే. ఆ తర్వాత చెక్క దంచడానికి ఇంట్లో చెయ్యి కావలసి వచ్చింది, మానేశాను. దిద్దుకున్న అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

మా నాయనమ్మ పేరు ఎల్లమ్మ. బాప్తిస్మంలో మరియమ్మ అని పెట్టారు కానీ వాడంతా ఎల్లవ్వ అనే పిలిచేది, ఆమె కూడా మరియమ్మా అంటే వెంటనే పలికేది కాదు. ఎండిన చేపలా సన్నగా, గట్టిగా ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ జొన్నల్లోంచి పిడికెడు తీసి ప్రార్థన ఇంటికి ఇవ్వడానికి పెట్టిన దేవుని కుండలో వేసేది, ఆ పూట మాకు తక్కువైనా సరే. దువ్వెనకు వచ్చిన జుట్టును కూడా పారేయనిచ్చేది కాదు. నా పిసినారితనం ఎక్కడిదని కోడళ్లు గుసగుసలాడుకుంటారు. అక్కడిది.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దావీదు, నాకు పెద్దబాపు. భార్య పోయింది, పిల్లలు లేరు, మా గోడకు ఆనుకున్న గుడిసెలో ఉండి మా ఇంట్లోనే తినేవాడు. చిన్నవాడు జానయ్య, మా బాపు. ఇద్దరూ కలిసి మోటలు కుట్టేవాళ్లు. అప్పుడు పొలాలకు నీళ్లు మోటతోనే తోడాలి. మోట అంటే మనిషి పట్టేంత తోలు బొక్కెన. దానికి లావుపాటి తాడు, అంటే మోకు, కట్టి ఎడ్లను ఏటవాలు బాట మీద కిందికి తోలితే బావిలోంచి బొక్కెన పైకి లేచి కాలువలో నీళ్లు కుమ్మరించేది. తోలేవాడు ఆ మోకు మీదే కూర్చుని ఎడ్లతో పాటు కిందికి జారేవాడు. వాడలో పిల్లలందరికీ ఆ మోకు మీద ఊగడమంటే పిచ్చి. అందరికంటే ఎక్కువ పిచ్చి మా తమ్ముడు దాసుకు. నాలుగేళ్లవాడు. పెద్దబాపు ఎక్కడికి పోతే అక్కడికి అంగీ పట్టుకుని పోయేవాడు.

ఎండాకాలం తాటిముంజలు, చల్లని అంబలి, మధ్యాహ్నాలు అరుగు మీద గచ్చకాయల ఆట. వానాకాలం కాల్చిన మక్కకంకులు, పొయ్యి దగ్గరే తినే వేడి సర్వపిండి. మగపిల్లలు బాట మీద చిర్రగోనె, అంటే బిళ్లంగోడు, ఆడితే చిర్ర వచ్చి లందలో పడేది, దాన్ని తీయడానికి వాళ్లలో వాళ్లు కొట్టుకునేవాళ్లు. క్రిస్మసుకు గారెలు, బెల్లం పాశం, వంతుల వారీగా పంచుకున్న యాట కూర. వెదురు పుల్లలతో చుక్క కట్టి, కాగితం దొరక్క, పెద్దబాపు పలుచగా గీకిన మేకతోలు అంటించాడు ఒక ఏడు. లోపల దీపం పెడితే అది తేనె రంగులో వెలిగింది. దాసు దాన్ని నాకబోతే అందరూ నవ్వారు. వాడి గురించి నాకు గుర్తున్న నవ్వు అదొక్కటే.

ఆ వచ్చిన ఎండాకాలం ఊరి పటేలు బావికి కొత్త మోట కుట్టారు. కొత్త మోటను కుట్టినవాళ్లే ఒక పూట తోలి చూపాలి, కుట్టు నీళ్లు ఆపుతుందో లేదో రైతు కళ్లారా చూడాలి, అది పద్ధతి. బాపుకు ఇంటి దగ్గర తోలు సున్నంలో ఉంది, కాబట్టి పెద్దబాపు తోలడానికి పోయాడు. దాసు వెంట పడ్డాడు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మోకు మీద కిందికీ పైకీ తిప్పాడు. తర్వాత చుట్ట అంటించుకోవడానికి పక్క చేనులో నిప్పు ఉంటే, ఈడనే కూసో బిడ్డా, కదలకు అని వాణ్ణి గడ్డ మీద కూర్చోబెట్టి పోయాడు. వాడు కదిలాడు.

బావిలోకి దూకి వాణ్ణి పైకి తెచ్చింది పెద్దబాపే. ఇంటిదాకా భుజం మీద మోసుకొచ్చిందీ ఆయనే. బాపు సున్నపు చేతులు కడుక్కోకుండా వచ్చి పిల్లవాణ్ణి అందుకున్నాడు. ఎట్లా జరిగిందని అడగలేదు. పెద్దబాపు తనంతట తానే చెప్పాడు, చుట్ట సంగతి కూడా దాచకుండా చెప్పాడు. బాపు విన్నాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడడం మానేశాడు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే అది ఒక వారంలో తీరిపోయేదని అమ్మ తర్వాత్తర్వాత అంటుండేది.

కానీ పని ఆగదు. తోలు గుంజడానికి ఇద్దరు కావాలి. ఇద్దరూ రోజూ లంద దగ్గర ఎదురెదురుగా నిలబడేవాళ్లు. అన్న అవతలి కొస పట్టుకోవాలంటే బాపు ఒకసారి దగ్గేవాడు. దగ్గు వినగానే పెద్దబాపు వంగి కొస అందుకునేవాడు. వదలాలంటే బాపు తానే వదిలేవాడు. ఎండ, వాన, మళ్లీ చలి, అట్లాగే గడిచింది. పెద్దబాపు చుట్ట మానేశాడు. మా ఇంటికి తినడానికి రావడం కూడా మానేస్తే అమ్మ రొట్టె, కూర కట్టి నా చేత పంపేది. బాపు చూసేవాడు, పంపవద్దని మాత్రం అనలేదు.

నేను ఏడవలేదు. దాసును మట్టిలో పెట్టిన రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. వాడలో ఆడవాళ్లు నన్ను ఒళ్లోకి లాక్కుని వాడి పేరు చెప్పి చెప్పి చూశారు. నాకు ఏమీ అనిపించలేదు. రొట్టె తిన్నాను, చెక్క దంచాను, గచ్చకాయలు ఆడాను. చాప మీద వాడు పడుకునే చోటు ఖాళీ అయింది కాబట్టి కాళ్లు చాపుకుని పడుకున్నాను. పిల్ల లోపల ఎండిపోయిందని ఎవరో అంటే నాయనమ్మ విన్నది.

ఒక సాయంత్రం అయ్యగారు మా ఇంటి ముందు ప్రార్థన పెట్టారు. గట్టిపడిన గుండె గురించి మాట్లాడారు. దేవుడు గుండెను సుత్తెతో కొట్టి మెత్తబరచడు, మీరు తోలుకు ఆముదం పట్టిస్తారే, అలా మెల్లగా పట్టిస్తాడు, తర్వాతే దాన్ని తనకు కావలసిన వస్తువుగా మలుస్తాడు అన్నారు. మీరు చేయవలసింది ఒకటే, కదలకుండా ఆయన చేతికి అప్పగించుకోవడం అన్నారు. కదలకుండా అన్న మాట దగ్గర బాపు లేచి ఇంటి వెనక్కి పోయాడు. ప్రార్థన అయినాక నాయనమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఆముదమేనా అయ్యగారూ అని అడిగింది. ముసలామెకు తన మాట నాటిందని ఆయన సంతోషపడి, అవునవ్వా, అచ్చం అలాగే అన్నారు.

మరునాడు పొద్దుగూకే వేళ నాయనమ్మ ఇనుప గంటెలో ఆముదం వెచ్చజేసుకుని వచ్చి, నన్ను ముందర కూర్చోబెట్టుకుని, రైక విప్పించి, గుండె మీద నూనె పోసి తోలుకు పట్టించినట్టే అరచేత్తో గుండ్రంగా తిప్పి తిప్పి పట్టించింది. ఏదో ప్రార్థన కూడా చెప్పుకుంది. నాకు ఏమీ మెత్తబడినట్టు తెలియలేదు. ఉన్న ఒక్క రైకకు మరక అంటుకుంటుందని మాత్రం అనుకున్నాను. మోటకు వాడే ఆముదం అది, పటేలు ఇంటి నుంచి కొలిచి తెచ్చుకున్నది. ఇంత నూనె ఒంటికి పూస్తే తోలుకు తక్కువ పడదా అని నేను అడిగితే నెత్తి మీద ఒకటి మొట్టింది. ఎండిన జొన్నగింజను పారేయని మనిషి ఆ నూనె దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు.

నా తర్వాత గంటె పట్టుకుని బాపు దగ్గరికి పోయింది. బాపు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"అంగీ ఇప్పు," అంది.

"ఏందవ్వా గిది?"

"చిన్నగున్నప్పుడు దగ్గు లేస్తే వెట్టలేదా? గిప్పుడు గూడ గట్లనే అనుకో. ఊకె కూసో."

బాపు ప్రార్థన ఇంట్లో అడుగు పెట్టడు. అయ్యగారు పలకరిస్తే ముఖం తిప్పుకుంటాడు. అమ్మ ఏడిస్తే బయటికి పోతాడు. అట్లాంటి మనిషి తల్లికి ఎదురు చెప్పలేక అంగీ విప్పాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, బీటలు వారిన గోడకు పూత వేస్తున్నంత నిదానంగా, ఆయన గుండె మీద నూనె పట్టించింది. ఆయన ఎదురుగా ఉన్న చింత కొమ్మను చూస్తూ కూర్చున్నాడు. అయిపోయినాక అంగీ వేసుకుని లోపలికి పోయాడు.

అప్పటి నుంచి రోజూ అదే. పొద్దు గూకేటప్పటికి బాపు అరుగు మీద ఉండేవాడు. వాడంతా చూసింది, నవ్వింది. పక్కింటి కోడలు ఒకనాడు నీళ్ల కుండ దించుకుంటూ, ఏందత్తా, కొడుకును గూడ మోట కుడ్తున్నవా అని అడిగింది. కుడ్త, ముందుగాల నీ నోరు కుట్టి మిగిలిన దారంతోని అని నాయనమ్మ చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది. బాపు ముఖంలో ఏమీ కదలలేదు. మెత్తబడ్డాడా అని నాయనమ్మ పొద్దున లేచి ఆయన ముఖం చూసేది. లంద దగ్గర మళ్లీ అదే దగ్గు.

ఇక్కడ బల్ల సంగతి చెప్పాలి. ప్రభువు భోజనాన్ని మేము బల్ల అంటాము. బల్ల ఉన్న ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. అయ్యగారు గుమ్మంలో నిలబడి లోపలికి వచ్చే ప్రతి పెద్ద మనిషినీ, మీ మనసులో ఎవరి మీదనైనా ఏమైనా ఉందా అని అడిగేవారు. లేదు అంటే లోపలికి. ఉంటే పోయి ఆ మనిషి చెయ్యి పట్టుకుని సర్దుకుని రావాలి, లేదంటే బయట చూరు కింద కూర్చోవాలి. నీళ్ల దగ్గర, కోళ్ల దగ్గర కొట్లాడుకున్న ఆడవాళ్లు ఆ గుమ్మం దగ్గరే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ముక్కు చీదుకుని లోపలికి పోయేవాళ్లు. దాసు పోయినప్పటి నుంచి బాపు అడగకముందే పోయి చూరు కింద ఒక మూలన కూర్చునేవాడు. తమ్ముడి మనసులో తన మీద ఉండగా తను లోపలికి పోవడం తగదని పెద్దబాపు రెండో మూలన కూర్చునేవాడు. లోపల పాటలు పాడుతుంటే చూరు రెండు కొసల్లో అన్నదమ్ములు ఇద్దరూ నేల చూస్తూ ఉండేవాళ్లు.

కోతపండుగ దగ్గర పడింది. పంటలో మొదటి గింజలు దేవునికి తెచ్చే పండుగ, ఆ ఆదివారం బల్ల కూడా ఉంటుంది. దానికి కొద్ది రోజుల ముందు, నేను రొట్టె తీసుకుని పోయినప్పుడు పెద్దబాపు నాయనమ్మతో చెప్తున్నాడు, పండుగ కాంగనే నగరం పోత, ఆడ తోలు కారఖానాల పని ఉన్నదంట అని. నాయనమ్మ, మరి లంద అని అంది. ఒక్క మనిషితో లంద నడవదని ముగ్గురికీ తెలుసు. వాడు వేరే మనిషిని పెట్టుకుంటడు అన్నాడు. వాని మనిషివి నువ్వు గావా అని ఆమె అడిగితే ఆయన రొట్టె తుంచుకున్నాడు. నేను ఖాళీ గిన్నె కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాను.

పండుగ ముందటి శనివారం అయ్యగారు వచ్చారు. ఆముదం సంగతి ఎవరో ముందే చెప్పారు. ఆయన అరుగు మీద కూర్చుని, "అవ్వా, నేను పోలికగా చెప్పాను. పైన పూసే నూనె లోపలి గుండెకు అందదు. అది దేవుడు చేసే పని," అన్నారు. మెల్లగానే అన్నారు, ఎగతాళి చేయలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అట్లనా, నాకేం తెల్సు అయ్యగారూ, మీరు ఆముదం అన్నరు, నేను వెట్టిన అని నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె సిగ్గుపడడం నేను ఎప్పుడూ చూడలేదు. అయ్యగారికి కూడా బాధగా అనిపించినట్టుంది, ఆమె చెయ్యి పట్టుకుని, నీ ప్రార్థన మాత్రం మానకు అని చెప్పి వెళ్లారు. ఆమె పోయి నూనె బుడ్డిని ఉట్టి మీద పెట్టేసింది.

పొద్దు గూకింది. బాపు లంద దగ్గరి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అంగీ విప్పాడు. నాయనమ్మ పొయ్యి దగ్గరి నుంచి కదలలేదు. కొంచెంసేపు చూసి బాపు అడిగాడు.

"ఇయ్యాల లేదా అవ్వా?"

"అయ్యగారు వద్దన్నడు బిడ్డా. గుండెకు గట్ల గాదంట."

"గాకపోతే గాకపాయె. జర వెట్టు."

అమ్మ పొయ్యి ఊదడం ఆపింది. నాయనమ్మ లేచి ఉట్టి మీది బుడ్డి దించి, నూనె వెచ్చజేసి, గంటె పట్టుకుని అరుగు దాకా వచ్చి ఆగింది. తన అరచేతులు చూసుకుంది. సున్నానికి పగిలి ఉన్న మాట నిజమే, కానీ అవి ఎప్పుడూ పగిలే ఉంటాయి. గోడ అవతలికి తిరిగి, దావీదూ అని పిలిచింది. పెద్దబాపు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"నా చేతులు మండుతున్నయి. నీ తమ్మునికి జర నువ్వు వెట్టు," అని గంటె ఆయన చేతికిచ్చి లోపలికి వచ్చేసింది.

బాపు లేచి పోతాడని నేను అనుకున్నాను. అందరం అదే అనుకున్నాము. ఆయన లేవలేదు. గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, చింత కొమ్మ వైపు చూస్తూ అట్లాగే ఉన్నాడు. పెద్దబాపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గంటె ఎక్కువ వంచేసరికి నూనె కడుపు మీదికి కారింది. దాన్ని అరచేత్తో పైకి తీసి పట్టించబోయి, గుండె దాకా పోలేక ఆగాడు. పిల్లవాణ్ణి నీళ్లలోంచి తీసిన చెయ్యి అది. బాపు కిందికి చూడకుండానే, "జర పైకి," అన్నాడు.

తమ్ముడు అన్నతో మాట్లాడిన మాట ఏడాది నిండబోతుండగా అదే మొదటిది. పెద్దబాపు చెయ్యి పైకి జరిపాడు. గంటెలో నూనె అయిపోయేదాకా పట్టించాడు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. లోపల నాయనమ్మ జొన్నపిండి చరుస్తోంది, ఆ చప్పుడు ఒకటే వినిపించింది. అయిపోయినాక బాపు అంగీ వేసుకుని లోపలికి వచ్చి రొట్టె తిన్నాడు. మా గుండెలు తేలికపడ్డాయని చెప్పలేను. నా మటుకు నేను ఆ గంటెడు నూనె వృథా కాలేదనుకున్నాను.

మరునాడు కోతపండుగ. ప్రార్థన ఇంటి ముందు జొన్న కంకులు, గుమ్మడికాయలు, చిక్కుడుకాయలు, ఒక కోడి, ఒక మేకపిల్ల. గుమ్మంలో అయ్యగారు అడుగుతున్నారు, ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. పెద్దబాపు ఎప్పటిలాగే చూరు కింద కూర్చున్నాడు. బాపు కూర్చోలేదు. వరుసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చింది. అయ్యగారు కొంచెం తడబడి, అందరినీ అడిగినట్టే అడిగారు.

"మీ మనసులో ఎవరి మీదనైనా ఏమైనా ఉందా?"

"ఉన్నది," అన్నాడు బాపు.

వెనక నిలబడ్డవాళ్ల మాటలు ఆగిపోయాయి. బాపు నేల చూస్తూ చెప్పాడు.

"అన్న మీద ఉన్నది. తియ్యనీకె చూసిన, పోతలేదు. నాతోని గాదు అయ్యగారూ. ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకొని వచ్చిన. దేవునికి కావాలంటే ఆయననే మెత్త జేసుకొమ్మను. నేనైతే ఇగ కదల."

పద్ధతి ప్రకారం ఉన్నది అన్నవాడు బయట కూర్చోవాలి. ఆ పద్ధతి అయ్యగారే పెట్టారు. ఆయన బాపు ముఖం చూసి, చూరు వైపు చూసి, చివరికి పక్కకు జరిగి దారి ఇచ్చారు. బాపు గడప మీద కాలు పెట్టి, లోపలికి పోకుండా ఆగి, ఒకసారి దగ్గాడు. లంద దగ్గర దగ్గే దగ్గు. చూరు కింద పెద్దబాపు వినగానే లేచి నిలబడ్డాడు. అలవాటుకు లేచాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. లేచినాక మళ్లీ కూర్చోలేక తమ్ముడి వెనకే లోపలికి వచ్చాడు. ఆయనను అయ్యగారు ఏమీ అడగలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకున్నారు. నాయనమ్మ ఆడవాళ్ల వైపు నుంచి చూసి, దేవుని కుండలోని జొన్నలు తెచ్చి ముందర కుమ్మరించి, ఖాళీ కుండ నాకు ఇచ్చి కడిగి పెట్టమంది.

పెద్దబాపు నగరానికి పోలేదు. తర్వాత బాపు మారిపోయాడని, ఇల్లంతా సంతోషం నిండిందని రాయడానికి నాకు చెయ్యి రాదు. లంద దగ్గర పట్టు, వదులు, ఎత్తు అనే మాటలు మొదలయ్యాయి. మరి కొంతకాలానికి రొట్టె తినడానికి పెద్దబాపు మళ్లీ మా పొయ్యి దగ్గరికి వచ్చాడు. దాసు పేరు మాత్రం ఆయన ముందర బాపు ఎన్నడూ ఎత్తలేదు. ఉన్నది పోయిందో, ఉండగానే ఆయన నడిచాడో నాకు తెలియదు. ప్రతి బల్లకు పోయేవాడు, ప్రతిసారీ ఉన్నది అనే చెప్పేవాడు. ఒక ఏడు వానాకాలంలో మాత్రం, అయ్యగారు అడిగితే, బాపు చాలాసేపు వెతుక్కుని, ఏమో అయ్యగారూ, చూడాలె అన్నాడట. అమ్మ చెప్పింది. నేను అప్పటికి పెళ్లయి అత్తవారింట ఉన్నాను.

ఇప్పుడు ఆ వాడ లేదు. బావులకు కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి లందలు పోయాయి. పూడ్చిన లందల మీద ఇళ్లు లేచాయి. తర్వాత భూములు పోయి, బావులు చదునై, వాటి మీద విమానాలు దిగుతున్నాయి. తంగేడు పువ్వు ఏ గట్టు మీదా కనిపించడం లేదు. ఒకసారి మా మనుమడు కారులో కూర్చోబెట్టుకుని ఆ పెద్ద రోడ్డు మీద తిప్పి, మీ తమ్ముడు పోయిన బావి ఎక్కడ నాయనమ్మా అని అడిగాడు. రోడ్డు, గోడ, ముళ్ల తీగ, గడ్డి. తెలియదురా అన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఏడవలేని పిల్ల ఏడవలేని ముసలిదయింది, అంతే.

ప్రార్థన ఇల్లు ఇప్పుడు కాటేదాన్ వైపు పోయే దారిలో పెద్దగా కట్టారు. నున్నటి బండలు, మైకులు, ప్లాస్టిక్ కుర్చీలు. బల్ల ఆదివారం గుమ్మంలో ఎవరూ నిలబడరు. చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో రసం, రొట్టె ముక్క పళ్లెంలో మన కుర్చీ దగ్గరికే వస్తాయి, చేతులు మారుతూ పోతాయి. నాకు ఇద్దరు కోడళ్ల మీద, ఒక ఆడబిడ్డ మీద, ఇంకా దేవుని మీద కూడా మనసులో ఏమేమి ఉన్నాయో ఎవరూ అడగరు. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆగుతాను. పక్క కుర్చీ ఆమె చెయ్యి చాపి చూస్తుంటుంది. ఉన్నది ప్రభువా అంటాను. అని, తీసుకుంటాను.